గీత పడలేదంటే తప్పు లేదని కాదు

ప్రశ్న: ఇంగ్లిష్ గ్రామర్ సరిదిద్దే కీబోర్డు యాప్ వాడుతున్నాను. క్లయింట్‌కి పంపిన మెయిల్‌లో ఒక్క ఎర్రగీత కూడా పడలేదు. అయినా 'ఇన్ టూ డేస్' అని రాసినందుకు గొడవైంది. ఇంతకంటే మంచి యాప్ ఉంటే చెప్పండి.

జవాబు: యాప్ మార్చినా ఇదే జరుగుతుంది. ఈ ఫిర్యాదు పేర్లు మారి మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అందుకే గీత పడలేదు. తప్పింది అర్థం. 'రెండు రోజుల్లో పంపిస్తా' అని తెలుగులో అంటే రేపు పంపినా మాట నిలబెట్టుకున్నట్టే. 'ఐ విల్ సెండ్ ఇట్ ఇన్ టూ డేస్' అంటే మాత్రం ఎక్కువమంది ఎల్లుండికి అనే అర్థం చేసుకుంటారు. ఆ లోపే పంపుతానని చెప్పాలంటే 'వితిన్ టూ డేస్' అనాలి. 'బై మండే' అంటే సోమవారం లోపు, 'అన్‌టిల్ మండే' అంటే సోమవారం దాకా. 'ఐ యామ్ ఆన్ లీవ్ అన్‌టిల్ మండే' అని రాస్తే సోమవారం వస్తారో రారో అవతలివాళ్లకు తెలియదు. 'ఐ విల్ బీ బ్యాక్ ఆన్ ట్యూస్‌డే' అని రాసేయండి, పేచీ ఉండదు.

మన 'నుంచి' ఇంకా చిక్కు పెడుతుంది. 'నాలుగేళ్ల నుంచి', '2021 నుంచి' రెండింటికీ మనకు ఒకటే మాట. ఇంగ్లిష్‌లో నాలుగేళ్లకు 'ఫర్', 2021కి 'సిన్స్'. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ ఫోర్ ఇయర్స్' అన్న వాక్యంలో ఫ్రమ్ తీసి ఫర్ పెడితే సగమే బాగైనట్టు. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్' అని క్రియ కూడా మారాలి. 'ఐ హావ్ ఫ్యూ క్వశ్చన్స్' అని రాసినా గీత పడకపోవచ్చు. కానీ దానర్థం అడగడానికి పెద్దగా ఏమీ లేదని. కొన్ని ప్రశ్నలున్నాయని చెప్పాలంటే ముందు 'ఏ' ఉండాల్సిందే.

'డాక్యుమెంట్' ముందు 'ఏ', 'ది' రెండూ సూచించి, ఏదో ఒకటి నొక్కమనే యాప్‌లు ఉన్నాయి. ఏది సరైనదో యాప్‌కు తెలిసే దారే లేదు. చదివే మనిషి 'అదేం డాక్యుమెంట్?' అని అడిగే అవకాశం ఉంటే 'ఏ'. నిన్న మాట్లాడుకున్నదే అని అతనికి తెలిస్తే 'ది'. ఆలోచించకుండా మొదటి సూచన నొక్కేవాళ్లది ఎంత తప్పో, నొక్కే బటన్‌ను అంత పెద్దగా పెట్టి, మార్పు ఎందుకో చెప్పే వాక్యాన్ని దాచేసినవాళ్లది అంతకంటే పెద్ద తప్పు. వాక్యం మొత్తం తిరగరాసే బటన్ మరీ ప్రమాదం. పది మాటలు మారిన చోట 'బై' పోయి 'అన్‌టిల్' వచ్చిందని ఎవరు గమనిస్తారు?

ఇక, ఇంకో యాప్ కావాలన్నారు. నా అసలు భయం అక్కడే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది: పాస్‌వర్డ్‌లు, క్రెడిట్ కార్డు నంబర్లతో సహా మీరు టైప్ చేసేదంతా ఇది సేకరించగలదని. చదవకుండానే ఓకే నొక్కేస్తారు. ఐఫోన్‌లో పాస్‌వర్డ్ గడి రాగానే బయటి కీబోర్డు పక్కకు తప్పుకుని ఫోన్ సొంత కీబోర్డు వస్తుంది. ఆండ్రాయిడ్‌లో మాత్రం ఆ రక్షణ అన్ని ఫోన్లలోనూ ఉండదు. ఒక ప్రిపోజిషన్ ('ఇన్', 'బై' లాంటి చిన్న మాట) కోసం బ్యాంకు పాస్‌వర్డ్‌ను ఎవరో తెలియని కంపెనీ కళ్ల ముందు టైప్ చేస్తున్నారు.

కంప్యూటర్‌లో గ్రామర్ ఎక్స్‌టెన్షన్లదీ, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములదీ, ఇదే కథ. అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా చదవడానికి, మార్చడానికి అనుమతి అడుగుతాయి. 2018 ఫిబ్రవరిలో బాగా పేరున్న ఒక ఎక్స్‌టెన్షన్‌లో పెద్ద లోపం బయటపడింది. మీరు తెరిచిన ఏ వెబ్‌సైటైనా మీ లాగిన్ టోకెన్ (పాస్‌వర్డ్ లేకుండానే మీ ఖాతా తెరిచే గుర్తు) తీసుకుని, అందులో మీరు దాచుకున్న రాతలన్నీ చదవగలిగేది. త్వరగానే సరిచేశారు, కానీ అప్పటిదాకా తలుపు తెరిచే ఉంది. 2022లో ఇంకోటి తేలింది. బ్రౌజర్లలోని 'ఎన్‌హాన్స్‌డ్' స్పెల్ చెక్ ఆన్ చేసి ఉంటే ఫారాల్లో నింపినది ఆ బ్రౌజర్ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. పాస్‌వర్డ్ కనిపించడానికి కన్ను బొమ్మ నొక్కితే, కొన్ని సైట్లలో అదీ వెళ్లింది.

కాబట్టి ఈరోజే సెట్టింగ్స్‌లో సిస్టమ్, ల్యాంగ్వేజెస్ అండ్ ఇన్‌పుట్, ఆన్ స్క్రీన్ కీబోర్డ్ వరకు వెళ్లి, ఫోన్‌తో వచ్చినది తప్ప మిగతావి ఆపేయండి. కొన్ని ఫోన్లలో మెనూ పేర్లు వేరుగా ఉంటాయి, పైన వెతికే గడిలో 'కీబోర్డ్' అని కొట్టినా దొరుకుతుంది. ఆపాక ఆ యాప్‌ను తీసేయండి కూడా. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్ తెరిచి, సైట్ యాక్సెస్‌ను 'ఆన్ క్లిక్'కు మార్చండి, అప్పుడు మీరు పిలిచినప్పుడే చదువుతుంది. స్పెల్ చెక్ 'బేసిక్'లో ఉంచండి. మెయిల్ సరిచూసుకోవాలంటే పేర్లు, ఖాతా నంబర్లు, ఆధార్ నంబరు తీసేసి ఆ పేరా ఒక్కటే కాపీ చేసి గ్రామర్ సరిచూసే వెబ్‌సైట్‌లో పెట్టండి.

ప్రశ్న: తెలుగులో చెబితే ఇంగ్లిష్‌లోకి మార్చే యాప్ మా మేడమ్‌ను 'హీ' అంటోంది. ఎందుకు?

జవాబు: 'డాక్టర్ గారు రేపు వస్తారు' అన్న వాక్యంలో ఆడో మగో తెలిపే మాటే లేదు. 'వచ్చింది' అన్నామంటే షీ కావచ్చు, ఇట్ కావచ్చు. యాప్ ఊహిస్తుంది. 'నాన్నకి బాగాలేదు, ఆస్పత్రిలో చేర్పించాం, రేపు రాలేను' అని మనం కర్త లేకుండానే ముగిస్తాం. చేర్పించింది ఎవరు, రాలేనిది ఎవరు అన్నది మీరు చెప్పాలి. అనువాదానికి ఇచ్చేటప్పుడు 'ఆమె', 'మేము', 'నేను' ప్రతి వాక్యంలో పెట్టి, వాక్యాలను విడగొట్టండి. పంపేముందు ఇంగ్లిష్‌లోని ప్రతి హీ, షీ, ఇట్ దగ్గర ఆగి ఎవరో చూసుకోండి.

ప్రశ్న: ఫోన్ల అమ్మకానికి ప్రకటన రాస్తున్నా. 8 జీబీ ముందు 'ఏ'నా, 'యాన్'నా?

జవాబు: అక్షరం కాదు, శబ్దం ముఖ్యం. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. మొదట అచ్చు వస్తే యాన్, హల్లు వస్తే ఏ. ఎయిట్ జీబీ కాబట్టి యాన్, సిక్స్‌టీన్ జీబీకి ఏ. యాన్ ఓటీపీ, కానీ ఏ వన్‌టైమ్ పాస్‌వర్డ్. యాన్ ఎఫ్ఐఆర్, ఏ యూపీఐ ఐడీ, యాన్ అవర్, ఏ యూనివర్సిటీ. ఎమ్‌ను 'యెమ్' అని, హోటల్‌ను 'ఓటల్' అని పలికే అలవాటుంటే మాత్రం ఈ కిటుకు దారి తప్పిస్తుంది. హెచ్‌ఆర్ దగ్గరా జాగ్రత్త. మనం హెచ్ అంటాం, బయటి దేశాల్లో ఎక్కువమంది 'ఎయిచ్' అంటారు, అందుకే వాళ్లకు పంపే రెజ్యూమెలో 'యాన్ హెచ్‌ఆర్ మేనేజర్' అని రాయండి.