బెల్టు ఊడిన ఊగుడు కుర్చీ: దుకాణానికి ఏమని రాయాలి?

చెల్లెమ్మా, అమెరికాకు కొత్తగా వచ్చి కొన్న ఊగే కుర్చీలో నాలుగు నెలల బిడ్డ కూర్చుని ఉండగా బెల్టు ఊడిందని, ఏం చేయాలని రాశారు. ఆ కుర్చీని ఈ రాత్రి నుంచే వాడకండి. మీ అత్తగారు కోవూరు నుంచి ఫోనులో చెప్పినట్టు చీర అంచు చింపి బెల్టుకు ముడి వేయడం, మీవారు అనుకుంటున్నట్టు బకిల్‌ను జిగురుతో అతికించడం, రెండూ వద్దు. బిడ్డ కూర్చుని ఉండగా ఒకసారి ఊడిన బకిల్ మళ్లీ ఊడుతుంది. పైగా మీరు అతికించారంటే, పాడుచేసింది మీరేనని చెప్పడానికి కంపెనీకి ఒక సాకు దొరుకుతుంది. అలాగని పారేయనూ వద్దు. చెత్తలో వేస్తే సాక్ష్యం పోతుంది, మీరు పెట్టిన 120 డాలర్లూ పోతాయి.

ముప్పై రోజుల గడువు దాటిపోయింది కాబట్టి తీసుకోలేమని దుకాణంలో చెప్పారని రాశారు. ఆ గడువు నచ్చని చొక్కానో చాలని చెప్పులనో వెనక్కి ఇచ్చేవారి కోసం పెట్టింది. 'రిటర్న్' అనే మాటతో కౌంటర్ దగ్గర నిలబడితే అక్కడి పిల్ల కంప్యూటర్‌లో తేదీ చూసి కాదంటుంది. అంతకుమించి ఆమెకు అధికారం లేదు. మీరు మొదలుపెట్టాల్సిన మాట వేరు: 'నాలుగు నెలల బిడ్డ కూర్చుని ఉండగా నడుము బెల్టు దానంతట అదే ఊడింది. ఇది భద్రతకు సంబంధించిన ఫిర్యాదు.' ఇది నోటితో చెప్పి వచ్చేయకుండా మేనేజరుకూ, పై ఆఫీసుకూ, తయారీ కంపెనీకీ ఈమెయిల్‌లో రాయండి. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ఒక వస్తువు వల్ల తీవ్రమైన ప్రమాదం జరగవచ్చన్న సమాచారం అందితే, తయారుచేసినవారే కాదు, అమ్మినవారు కూడా 24 గంటల్లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కు తెలపాలన్నది ఇక్కడి నిబంధన. కౌంటర్ దగ్గరి పిల్లకు తెలియకపోయినా పై ఆఫీసుకు ఇది బాగా తెలుసు.

మన నెల్లూరు చిన్నబజారులో వస్తువు పాడైతే కొట్టుకు వెళ్లి యజమానితో మాట్లాడతాం. ఆయనకు మన నాన్న తెలిసి ఉంటాడు. కాసేపు వాదించుకుని, చివరికి మొహమాటపడి మరొకటి ఇచ్చి పంపుతాడు. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లంతా అదే పద్ధతిలో వెళ్లి, ముఖపరిచయం లేనిచోట మాట చెల్లక, తలవంచుకుని వచ్చేస్తారు. ఇక్కడ పనిచేసేది కాగితం. కుర్చీ అడుగున చెరగకుండా అంటించిన లేబుల్ ఒకటి ఉంటుంది. మోడల్ నంబరు, తయారైన తేదీ, ఏ విడతలో తయారైందో తెలిపే గుర్తు దాని మీద ఉంటాయి. దాన్ని స్పష్టంగా ఫొటో తీయండి. ఊడిన బకిల్‌ను దగ్గరగా ఒకటి, బెల్టుతో కలిపి ఒకటి తీయండి. రసీదు పోయిందని దిగులు పడకండి, కార్డు స్టేట్‌మెంటు సరిపోతుంది.

ఫిర్యాదు చేస్తే వీసాకు ఇబ్బంది అవుతుందేమో అని మీవారు భయపడుతున్నారు. ఈ భయం కొత్తవాళ్లందరిలోనూ చూస్తుంటాను. వస్తువు మీద ఫిర్యాదుకూ మీవారి ఉద్యోగ వీసా హెచ్‌1బికీ ఏ సంబంధమూ లేదు. కమిషన్‌కు నేరుగా చెప్పుకోవడానికి సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్ అనే వెబ్‌సైటు 2011 నుంచి ఉంది. 800-638-2772కు ఫోనైనా చేయవచ్చు. మీ పేరును బయట ప్రకటించరు. మీరు ఒప్పుకుంటేనే కంపెనీకి ఇస్తారు. మిగతా నియమాలు అక్కడే చదువుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. మీ ఉత్తరంలో భయం కన్నా 'పదివేల రూపాయలు పైనే పోసి కొన్నాం' అన్న మాటే ఎక్కువసార్లు కనిపించింది. ఆ గుణకారం నాకు బాగా తెలుసు. నేను కావలి నుంచి న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో ఇంట్లో మావారి జీతం ఒక్కటే. అల్లూరు దగ్గర మామగారి రొయ్యల గుంటలు తెగులు తగిలి దెబ్బతింటే, ఆ అప్పు నెలనెలా మేమే తీర్చేవాళ్లం. పాలడబ్బా కొన్నా రూపాయల్లోకి మార్చి చూసుకునేదాన్ని.

పెద్దపాప పుట్టినప్పుడు ఒక పెద్ద దుకాణంలో తగ్గింపు ధరకు మడతపెట్టే మంచం కొన్నాను. చుట్టూ వల, పైన నాలుగు కడ్డీలు. కొన్నాళ్లకు ఒక పక్క కడ్డీ మధ్యలో గడియ జారడం మొదలైంది. చెయ్యి ఆనిస్తే చాలు, కడ్డీ లోపలికి వంగేది. దుకాణానికి వెళ్లి గట్టిగా వాదించాను. వాదనంతా ధర గురించే. కడ్డీ ఎలా వంగుతోందో, దాని కింద ఎవరు పడుకుంటారో ఒక్క మాటైనా చెప్పలేదు. చివరికి సగం ధరకు గిఫ్టు కార్డు ఇచ్చి పంపారు. భాష కూడా సరిగా రాని రోజుల్లో అంత పెద్ద దుకాణంతో నెగ్గుకొచ్చానని పొంగిపోయాను. మంచం కూడా నా దగ్గరే మిగిలింది, అదీ లాభమే అనుకున్నాను. వాళ్ల పుస్తకాల్లో మాత్రం అది ధర నచ్చని ఒక కొనుగోలుదారు సంగతిగా ముగిసిపోయింది. గడియ జారుతోందని ఎక్కడా నమోదు కాలేదు.

పాప పెరిగాక ఆ మంచాన్ని పారేయడానికి మనసొప్పలేదు. కావలిలో మా ఆడపడుచుకు నెలలు నిండుతుంటే, ఊరికి వెళ్లే తెలిసినవాళ్ల సామానులో పంపించాను. గడియకు తాడు కట్టుకోమని చెప్పాను. అమెరికా మంచం అని వీధి వీధంతా వచ్చి చూసిందట. ఆ తర్వాత ఆ మోడల్ మీద రీకాల్ వచ్చింది, అంటే ప్రమాదకరమని తేలి అమ్మిన మంచాలను కంపెనీ వెనక్కి పిలిచింది. కొన్నవారి చిరునామా నింపి కంపెనీకి పంపమని పెట్టెతో వచ్చిన రిజిస్ట్రేషన్ కార్డును ప్రకటనల కాగితమనుకుని పడేశాను కాబట్టి మాకు ఏ కబురూ రాలేదు. అదే మంచం ఉన్న పక్కింటావిడ తనకొచ్చిన ఉత్తరం చూపిస్తే తెలిసింది. కడ్డీ వంగి బిడ్డ మెడకు అడ్డుపడే ప్రమాదముందని అందులో ఉంది.

వెంటనే కావలికి ఫోను చేశాను. అత్తయ్య నమ్మలేదు. ఇచ్చిన వస్తువును మళ్లీ అడగడానికి ఇదొక వంక అనుకున్నారు. ఆడపడుచు అలిగింది. మామయ్య మాత్రం ఏమీ మాట్లాడకుండా వెళ్లి కడ్డీని చేత్తో నొక్కి చూసి, ఆ పూటే మంచాన్ని విప్పేసి పాత ఇనుప సామాను కొట్టుకు వేశారు. బిడ్డకు ఏమీ కాలేదు. రీకాల్ కింద రావలసిన డబ్బు మాత్రం మాకు రాలేదు. చాలా రీకాళ్లలో వస్తువు గుడ్డనో బెల్టునో కత్తిరించి ఫొటో పంపితేనే సొమ్ము ఇస్తారు. ఇనుప కొట్టులో పడిన మంచానికి ఫొటో ఎక్కడిది? సగం ధర కోసం నోరు మూసుకోకుండా మొదటి రోజే సరిగా రాసి ఉంటే పూర్తి ధర దక్కేది.

నేను పడేసిన ఆ రిజిస్ట్రేషన్ కార్డు వెనుక ఒక బిడ్డ మరణం ఉందని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. 1998లో షికాగోలో డానీ కైసర్ అనే పదహారు నెలల బాబు, పిల్లలను చూసుకునే ఇంట్లో మడత మంచం ముడుచుకుపోయి చనిపోయాడు. ఆ మంచాన్ని 1993లోనే రీకాల్ చేశారు. వాడుతున్నవారికి ఆ కబురు చేరలేదు, అంతే. 2008లో వచ్చిన చట్టంలో ఈ కార్డుల భాగం ఆ బాబు పేరు మీదే ఉంది. కార్డులో ఇచ్చిన చిరునామాను భద్రతా హెచ్చరికలకు తప్ప ప్రకటనలకు వాడకూడదని కూడా అందులో ఉంది. మీ ఇంట్లో క్రిబ్ (బిడ్డ మంచం), స్ట్రోలర్ (తోపుడు బండి), హై చైర్ (ఎత్తు కుర్చీ) కార్డులు ఏ మూలన పడి ఉన్నా వెతికి నింపి పంపండి.

బిడ్డ ఆ కుర్చీలోనే నిద్రపోతుందని మీరు రాసిన వాక్యం నన్ను బెల్టు కన్నా ఎక్కువ కలవరపెట్టింది. మెడ నిలవని బిడ్డ వాలుగా పడుకుంటే తల ముందుకు వాలి శ్వాస ఆడకపోవచ్చు. ఫిషర్-ప్రైస్ కంపెనీ 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల వాలు పడకలను రీకాల్ చేసింది బిడ్డల మరణాల వల్లే. పది డిగ్రీలకు మించి వాలు ఉన్న నిద్ర పడకలను 2022లో వచ్చిన చట్టం పూర్తిగా నిషేధించింది. ఊగే కుర్చీ మెలకువగా ఉన్నప్పుడు కాసేపు కూర్చోబెట్టడానికే. నిద్ర వస్తే తీసి, సమంగా, గట్టిగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు, దుప్పటి ఏవీ వద్దు. చేతి సాయానికి పెద్దవాళ్లు లేనప్పుడు ఇది కష్టమని తెలుసు, నేనూ ఇద్దరిని అలాగే పెంచాను.

మీ అమ్మగారు వచ్చేటప్పుడు నెల్లూరు నుంచి బిడ్డను నిలబెట్టి నడిపించే చక్రాల వాకర్ తెస్తానంటే వద్దని చెప్పండి. ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం వాటిని నిషేధించాలని ఎప్పటి నుంచో కోరుతోంది. టొరంటోలోని మీ అక్కగారికైతే అసలే పంపకండి, కెనడాలో 2004 నుంచి వాకర్ల అమ్మకమూ దిగుమతీ నిషేధం.

అలాగే, అపార్టుమెంటులో మన తెలుగువాళ్లు తిరిగి వెళ్లిపోతూ చవకగా ఇచ్చే బిడ్డ సామాను తీసుకునే ముందు మోడల్ నంబరును రీకాల్ జాబితాలో చూసుకోండి. మీరు అమ్మేటప్పుడూ అంతే. రీకాల్ అయిన వస్తువును అమ్మడం, పాతదైనా సరే, ఇక్కడ చట్టవిరుద్ధం. ఊరికి పంపే ఆలోచన అసలే వద్దు. ఇక్కడి నుంచి వెళ్లే హెచ్చరిక ఉత్తరం కావలి చిరునామా వెతుక్కుంటూ రాదు.

ఇప్పుడు మీరు రాయబోయే ఈమెయిల్‌లో డబ్బు మాట చివర రానివ్వండి, కానీ తప్పకుండా రానివ్వండి. మొదట ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, బిడ్డ వయసెంత, మోడల్ నంబరు. తర్వాత కమిషన్‌కు కూడా తెలియజేశామన్న వాక్యం. ఆ తర్వాత, చెల్లించిన 120 డాలర్లు పూర్తిగా అదే కార్డులోకి వెనక్కి కావాలని. గిఫ్టు కార్డు ఇస్తామంటే ఒప్పుకోకండి, అదే దుకాణంలో మళ్లీ ఖర్చు పెట్టించడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. డబ్బు ఇస్తాం, ఈ సంగతి ఎవరికీ చెప్పనని సంతకం పెట్టండి అంటే సంతకం పెట్టకండి. కుర్చీ తెచ్చి ఇవ్వమంటే ఫొటోలన్నీ తీసి, కమిషన్ ఫారం పంపిన తర్వాతే ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. వారంలో జవాబు రాకపోతే అదే ఈమెయిల్ కింద మళ్లీ రాయండి, కొత్తది మొదలుపెట్టకండి.