మొదట వచ్చిన కుటుంబాల జాడ ఇనాం లెక్కల్లో

మీ పూర్వీకులు గుంటూరు జిల్లాలో మీ ఊరికి మొదట వచ్చినవాళ్లని పెద్దలు చెప్పడమే గానీ కాగితం దొరకలేదన్నారు కదండీ. పట్టాల కంటే ముందు ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అంటే దానంగా ఇచ్చిన ఇనాం భూముల లెక్కల పుస్తకం, చూడండి. 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ రాయించింది. భూమి ఎవరిచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, అప్పటికి ఎవరి అనుభవంలో ఉంది, అన్నీ ఉంటాయి. అదృష్టం బాగుంటే రెండు మూడు తరాలు ఒకే పుటలో తగులుతాయి. సంవత్సరం ఫసలీలో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరంలో, రాసి ఉంటే దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

ఇనాం లేని రైతు కుటుంబమైతే ఇందులో వెతకడం దండగ, శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రెండు భాషల్లో రాసిన భూముల లెక్క, రీసెటిల్మెంట్ డైగ్లాట్ రిజిస్టరు, పట్టుకోండి. కంపెనీ కాలపు సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్ర వివరాల్లో, మీ ఊరిది ఉంటే అదీ చదవండి, కాకపోతే అందులో కరణాల గొడవే ఎక్కువ. ఇంటిపేరు ఒక్కటీ కలిసిందని మనవాళ్లే అనుకోకండి. తండ్రి పేరు, భూమి కూడా కలవాలి.