కుక్కపిల్ల గుర్రుమంటే

తిరుపతి

చి. సౌ. రేవతికి పెదనాన్న ఆశీస్సులు.

రెండున్నర నెలల కుక్కపిల్ల అన్నం గిన్నె దగ్గర గుర్రుమంటోందని, అబ్బాయి పేపరు చుట్టి దాని మూతి మీద ఒకటి వేశాడని రాశావు. ముందు ఆ కొట్టడం మాన్పించమ్మా. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

గుర్రు అనేది కుక్కకున్న మాట. "నాకు ఇబ్బందిగా ఉంది, కాస్త దూరం జరుగు" అని చెప్పడం. గొంతు విప్పకముందే అది ఒంటితో చెప్పి ఉంటుంది: తింటూ తింటూ టక్కున ఆగిపోతుంది, లేదంటే ఉన్నట్టుండి గబగబా మింగుతుంది. ఒళ్లు కొయ్యలా బిగుస్తుంది. తల తిప్పకుండా కంటి కొసతో చూస్తుంది, అప్పుడు తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. ఇవి మన కంటపడలేదు కాబట్టే గుర్రుమంది. దెబ్బ వేస్తే గుర్రు ఆగుతుంది గానీ భయం ఆగదు, ఇంకా పెరుగుతుంది. గుర్రుమంటే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క, ఈసారి గుర్రుమనకుండానే పళ్లు దించుతుంది. మెడ తోలు పట్టి ఊపడం, వెల్లకిలా పడేసి నొక్కిపట్టడం కూడా దీని కిందకే వస్తాయి.

వీధిలో పుట్టిన పిల్ల అన్నావు. ఆరేడు పిల్లలు ఒకే విస్తరాకు మీద పడితే ముందు మింగినదానికే కడుపు నిండుతుంది. దానికి తెలిసిన లోకం అది. ఇందులో పొగరూ లేదు, ఇంటికి పెత్తనం చేయాలనే ఆలోచనా లేదు.

ఆటలో వచ్చే గుర్రు వేరు. గుడ్డ పట్టుకుని లాగేటప్పుడు ఒళ్లు వదులుగా ఉంటుంది, నోరు సగం తెరిచి ఉంటుంది, ముందుకాళ్లు నేలకు వాల్చి వెనక భాగం పైకెత్తి గెంతుతుంది. నువ్వు గుడ్డ వదిలేస్తే మళ్లీ తెచ్చి నీ ముందే పెడుతుంది. దీనికి కంగారు పడొద్దు. పళ్లు చర్మానికి తగిలితే మాత్రం అరవకుండా ఆట ఆపి, అర నిమిషం అటు తిరిగి నిలబడు. తోక ఊపుతోంది కదా అని మాత్రం ధీమా పడకు. నిటారుగా బిగిసిన తోక చివర చిన్నగా, వేగంగా ఆడుతుంటే అది ఆట కాదు.

గిన్నె దగ్గర గుర్రుమన్న క్షణంలో ఉన్నచోటే ఆగు. కళ్లలోకి చూడకు. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి, మెల్లగా రెండడుగులు వెనక్కి వెయ్యి. చెయ్యి విసురుగా లాక్కోకు. "అలా తగ్గితే అది గెలిచినట్టు కాదా?" అని అబ్బాయి అడుగుతాడు. ఆ పూట ఎవరినీ కరవకుండా గడిచింది, అంతే. నేర్పడం తర్వాతి పూట, అది నెమ్మదిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి.

నేర్పాల్సింది ఒక్కటే: మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుంది. ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలకుండా ఉడికించిన, ఎముకల్లేని కోడిమాంసం తీసుకుని వేరుశెనగ గింజంత ముక్కలు చెయ్యి. ఈ వయసులో రోజుకి మూడు నాలుగు పూటలు పెడతావు కాబట్టి పూటకి ఐదారు ముక్కలు చాలు.

మొదటి మూడు రోజులు ఎవరూ తిరగని మూలలో గిన్నె పెట్టి, పూర్తిగా వదిలెయ్యి. అది తిన్నాక వెళ్లిపోయిందంటేనే గిన్నె తియ్యి. నాలుగో రోజు నుంచి, అది తింటుండగా ఆరడుగుల దూరంలో నడుచుకుంటూ పోతూ ఒక ముక్క గిన్నె పక్కన పడేలా వెయ్యి. ఆగకు, వంగకు, పిలవకు. వేసి వెళ్లిపో. ఆరడుగుల్లోనే బిగుసుకుంటే ఎనిమిదడుగులకు వెళ్లు. నీ అడుగుల చప్పుడు వినగానే అదే తల ఎత్తి, తోక వదులుగా ఊపుతూ "ముక్క ఏది" అన్నట్టు చూస్తుంది చూడు, అప్పుడు అరడుగు దగ్గరికి జరుగు. వరసగా మూడు పూటలు అలా చూశాకే ఇంకో అరడుగు. తొందరపడితే ఇక్కడే పాడవుతుంది. ఒక్కసారి బిగుసుకున్నా రెండు మెట్లు వెనక్కి పోవాలి. గిన్నె పక్కన నిలబడి చేత్తో ముక్క వేసేదాకా రావడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. నువ్వు అక్కడికి చేరాక అబ్బాయి మళ్లీ ఆరడుగుల నుంచి మొదలుపెట్టాలి. నీ మీద కుదిరిన నమ్మకం అతనికి దానంతటదే రాదు, పైగా దెబ్బ వేసింది అతనే.

"తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి కెలికితే అలవాటవుతుంది" అని చెప్పేవాళ్లు మీ వీధిలోనూ ఉంటారు. వినొద్దు. మధ్యలో గిన్నె లాక్కుని చూడటం కూడా వద్దు. దాని అనుమానం నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది.

చెప్పో సాక్సో నోట పట్టుకున్నప్పుడు వెంటపడకు. నాలుగడుగుల అవతల మూడు నాలుగు ముక్కలు చల్లు. అది అటు పోయాక వస్తువు తియ్యి. ప్రమాదం లేని వస్తువైతే మళ్లీ దానికే ఇచ్చెయ్యి. ఇచ్చినది తిరిగొస్తుందని తెలిస్తే "వదులు" అన్న మాట తేలిగ్గా నేర్చుకుంటుంది.

నిద్రలో ముట్టుకుంటే గుర్రుమనే పిల్లలూ ఉన్నాయి. ఈ వయసులో రోజుకి పద్దెనిమిది గంటలకు పైగా నిద్ర కావాలి, అది చాలకపోతే సాయంత్రానికి చిరాకెక్కి కనబడినదాన్నల్లా కొరుకుతుంది. చిత్తూరు ఎండలకి మధ్యాహ్నం చల్లటి బండల మీద పడుకుంటే కదపొద్దు. లేపాల్సి వస్తే దూరం నుంచి పేరు పెట్టి పిలువు. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద ఉండాలి. ముందుకాళ్లు పట్టి లేపితే నొప్పికి గుర్రుమంటుంది.

నిన్నటిదాకా బాగున్నది ఇవాళ ముట్టుకోనివ్వకపోతే నేర్పుదామని కూర్చోకు, నొప్పి ఎక్కడో వెతుకు. చెవిలో చీము, వేళ్ల సందుల్లో పిడుదులు, నులిపురుగులతో ఉబ్బిన పొట్ట, ఇవి ముందు చూడాలి. మన పారాసెటమాల్, బ్రూఫెన్ మాత్రలు దానికి ఎప్పుడూ వెయ్యొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. అక్కడి పశువుల ఆసుపత్రిలో తేలకపోతే ఇక్కడ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురా, డెబ్బై కిలోమీటర్లే కదా.

భయంతో వచ్చే గుర్రుకి దూరమే మందు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, గంగజాతర డప్పులు, బైరాగి వేషంలో ఒళ్లంతా తెల్లగా పూసుకున్న పిల్లవాడు, ఇవన్నీ దానికి వింతే. అది చూసి కూడా ముక్క తినగలిగేంత దూరంలో ఒళ్లో పెట్టుకుని కూర్చో. చూసిన ప్రతిసారీ ఒక ముక్క. తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వచ్చావన్నమాట. కొత్తవాటిని సులువుగా ఒప్పుకునే వయసు సుమారు పద్నాలుగు వారాలదాకానే, అంటే నీకింకో నెల ఉంది. టీకాలు పూర్తయ్యేదాకా వీధి నేల మీద దింపకు, ఎత్తుకుని చూపించు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించు.

మీ చిన్నది దాన్ని వాటేసుకోవడం, తినేటప్పుడు తోక పట్టడం ఆపించాలి. నువ్వు గదిలో లేనప్పుడు ఇద్దరూ ఒకచోట ఉండకూడదు. ఇందులో సర్దుబాటు లేదు.

ఎవరికైనా పన్ను గీరుకుందంటే, పిల్లదే కదా అని వదిలెయ్యకు. కుక్కపిల్లల నుంచీ రేబిస్ వస్తుంది. కుళాయి నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పూయకూడదు, కట్టు కట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే సూదులైతే మొదటి రోజు వేశాక దాని నుంచి 3, 7, 28వ రోజుల్లో మళ్లీ వేస్తారు, ఒక్కటీ తప్పకూడదు. రక్తం వస్తే గాయం చుట్టూ వేసే సీరం కూడా కావాలని నువ్వే అడుగు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని చూసి గుర్రుమందో ఒక నోటుపుస్తకంలో రాసి, రెండు వారాలయ్యాక నాకు పంపు.

పెదనాన్న