రీబేస్‌తో పాస్‌వర్డ్ చెరిగిపోదు

సందేహం: బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో నేనూ మరో కొలీగూ ఒకే ఫీచర్ బ్రాంచ్ (కొత్త ఫీచర్ కోసం విడిగా నడిపే కోడ్ పాయ) వాడతాం. దాన్ని అసలు బ్రాంచ్ అయిన మెయిన్ మీదికి రీబేస్ చేశాక, అంటే మా మార్పులను దాని తాజా రూపం మీద మళ్లీ రాశాక, సర్వర్‌కి పుష్ రిజెక్ట్ అయింది. సర్వర్‌లోని బ్రాంచ్‌ను బలవంతంగా మార్చే ఫోర్స్ పుష్ కొడితే ఆవిడ కమిట్లు (నమోదు చేసిన మార్పులు) మాయమయ్యాయి. వెనక్కి వస్తాయా? అదే రీబేస్‌లో, పొరపాటున ఎక్కించిన, కీలూ పాస్‌వర్డ్‌లూ ఉండే డాట్ ఈఎన్‌వీ ఫైల్ కమిట్‌ను కూడా డ్రాప్ చేశాను. దాంతో ఇబ్బంది లేనట్టే కదా?

జవాబు: ఆవిడ కమిట్లు ఆవిడ లాప్‌టాప్‌లో భద్రంగానే ఉంటాయి. అక్కడి నుంచి చెర్రీ పిక్ చేసి, అంటే ఆ కమిట్లను ఏరి కాపీ చేసి, మీ కొత్త బ్రాంచ్ మీద పెట్టమనండి. ఆవిడ కంగారులో రీసెట్ కొట్టి తన బ్రాంచ్‌ను సర్వర్‌లో ఉన్నట్టు మార్చేసినా, బ్రాంచ్ ఎప్పుడు ఏ కమిట్ మీద ఉందో గిట్ రాసుకునే రీఫ్లాగ్‌లో దొరుకుతాయి. ఏ బ్రాంచ్‌లోనూ లేని కమిట్లు కూడా మామూలుగా 30 రోజులు అందులో ఉంటాయి. ఇకమీదట ఉత్త ఫోర్స్ మానేసి ఫోర్స్ విత్ లీజ్ వాడండి. మీకు తెలియకుండా సర్వర్‌లో బ్రాంచ్ కదిలి ఉంటే అది పుష్‌ను ఆపేస్తుంది. కానీ మీ ఎడిటర్ అడక్కుండానే ఫెచ్ చేసే (సర్వర్ తాజా సమాచారం తెచ్చే) రకమైతే, ఆ మార్పు మీకు తెలిసినట్టే లెక్క కాబట్టి, ఆ కాపలా ఉన్నా లేనట్టే. అలాంటి ఆటో ఫెచ్ సౌకర్యాలంటే నాకు మొదటి నుంచీ మంట.

ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, తప్పంతా రాసేవాళ్లదే అనలేను. పుష్ రిజెక్ట్ చేసినప్పుడు గిట్ చెప్పే సలహా ఏమిటి? ముందు పుల్ చేసి సర్వర్‌లోని మార్పులు కలుపుకోమని! రీబేస్ చేసినవాళ్లు ఆ మాట వింటే ఒకే మార్పు పాత కమిట్‌గా ఒకసారి, కొత్త కమిట్‌గా ఒకసారి చరిత్రలో చేరుతుంది. ఆ గందరగోళం ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పుల్ జోలికి పోకుండా నేరుగా ఫోర్స్ కొడతారు. 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం పుట్టిన పరికరం గిట్. ఇన్నేళ్లయినా ఆ సలహా కొత్తవాళ్లను దారి తప్పిస్తూనే ఉంది.

అదలా ఉంచండి. అసలు ప్రమాదం ఆ డాట్ ఈఎన్‌వీ ఫైల్. రీబేస్ పాత కమిట్‌ను చెరిపేయదు, దాని పక్కన కొత్తది రాస్తుంది, అంతే. పాతది మీ కొలీగ్ క్లోన్‌లో (ఆవిడ దగ్గరున్న కాపీలో) ఉంటుంది, ఎవరైనా ఫోర్క్ చేసి (సర్వర్‌లో సొంత కాపీ తీసుకుని) ఉంటే అందులోనూ ఉంటుంది. ఆ కమిట్ గుర్తింపు కోడ్ అయిన హ్యాష్ తెలిస్తే సర్వర్‌లో కూడా తెరుచుకోవచ్చు. రిపో (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) పబ్లిక్ అయితే ఇలాంటి కీల కోసమే తిరిగే బాట్లు ఈపాటికే చూసేసి ఉండొచ్చు. ప్రైవేట్ అని నిశ్చింతగా ఉండకండి. మారతహళ్లిలో జనం ఉద్యోగాలు మారే వేగం మీకు తెలియనిదా? మానేసి వెళ్లినవాళ్ల లాప్‌టాప్‌లో ఏ క్లోన్ మిగిలిందో ఎవరికి తెలుసు?

కాబట్టి ముందు ఆ ఫైల్లో ఉన్న ప్రతి కీ, ప్రతి పాస్‌వర్డ్ రద్దు చేసి కొత్తవి తీసుకోండి. ఫిల్టర్ రిపో అనే సాధనంతో చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. అది ముందు పెట్టుకుంటే తాళం మార్చకుండా పోయిన తాళంచెవి కోసం వెతికినట్టే. టీమ్ లీడ్‌కి చెప్పాలంటే టెన్షన్‌గానే ఉంటుంది, అయినా ఇవాళే చెప్పండి. యాక్సెస్ లాగ్‌లు, క్లౌడ్ బిల్లు మాత్రం మీరు రీబేస్ చేసిన రోజు నుంచి కాదు, ఆ ఫైల్ మొదట పుష్ అయిన రోజు నుంచి చూడాలి.