వీసా ఉంటే చాలదు, స్టడీ పర్మిట్ తేదీ చూడండి

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో, ఒంటారియోలో రెండేళ్ల డిప్లొమా చదువుతున్నాడు. ఏప్రిల్‌తో నాలుగు సెమిస్టర్లూ అయ్యాయి కానీ రెండు సబ్జెక్టులు తప్పాడు. వాటిని సెప్టెంబరు సెమిస్టర్‌లో మళ్లీ చదివి డిసెంబరులో పూర్తి చేయాలి. స్టడీ పర్మిట్ జూలై 31తో అయిపోతుంది. పాస్‌పోర్టు అక్టోబరు వరకు ఉంది. వీసా సెప్టెంబరు దాకా ఉంది కాబట్టి కంగారు లేదని ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి, వాడు రావాలి. ఏం చేయాలి? - ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, కన్సల్టెన్సీ వాళ్లు వీసానూ పర్మిట్‌నూ ఒకటే అనుకుంటున్నారు. పాస్‌పోర్టులో అంటించిన వీసా కెనడా గుమ్మం దాటి లోపలికి రావడానికి మాత్రమే. లోపల ఉండి చదవడానికి హక్కు ఇచ్చేది విమానాశ్రయంలో విడిగా చేతికిచ్చిన కాగితం, అంటే స్టడీ పర్మిట్. వీసాకు ఇంకా గడువున్నా ఆగస్టు 1 నుంచి మీ అబ్బాయి ఆ దేశంలో స్థితి (స్టేటస్), అంటే చట్టప్రకారం ఉండే హక్కు, లేని మనిషి అవుతాడు. ఇప్పుడే దరఖాస్తు వేస్తే ఆ పరిస్థితి రాదు.

జూలై 31 లోపు పొడిగింపు దరఖాస్తు అందితే, నిర్ణయం వచ్చేదాకా ఆయన పాత షరతుల మీదే కెనడాలో ఉండొచ్చు, చదువు కొనసాగించొచ్చు. దీన్ని మెయింటైన్డ్ స్టేటస్ అంటారు. పర్మిట్ ముగియడానికి కనీసం 30 రోజుల ముందే వేయమని ఇమిగ్రేషన్ శాఖ, అంటే ఐఆర్‌సీసీ చెబుతుంది. నా మాటగా మూడు నెలల ముందే వేయమంటాను, అంటే మీ విషయంలో ఇప్పుడే. ఆఖరి రోజు దాకా ఆగడం అసలు వద్దు. ఆన్‌లైన్‌లో గడువును టొరంటో టైముతో కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంతో లెక్కిస్తారు. జూలైలో టొరంటోలో రాత్రి 8 గంటలకే ఆ లెక్కలో తేదీ మారిపోతుంది. అర్ధరాత్రి దాకా టైముందనుకుని పది గంటలకు బటన్ నొక్కినవాళ్ల దరఖాస్తు గడువు దాటినట్టే లెక్క.

దరఖాస్తు ఐఆర్‌సీసీ ఆన్‌లైన్ ఖాతా నుంచే వేయాలి. ఫారం ఐఎంఎం 5709, ఫీజు 150 కెనడా డాలర్లు. మొదటిసారి ఇక్కడ ఇచ్చిన వేలిముద్రలు పదేళ్లు చెల్లుతాయి, కాబట్టి వాటి ఫీజు 85 డాలర్లు మళ్లీ కట్టనక్కర్లేదు. సరిహద్దు దాకా కారులో వెళ్లి అక్కడే పర్మిట్ పొడిగించుకొచ్చే పద్ధతిని 2024 డిసెంబరు 23 నుంచి ఆపేశారు. పాత విద్యార్థులు ఇంకా ఆ దారి చెబుతుంటే వినొద్దని మీ అబ్బాయికి చెప్పండి.

ఇలాంటి కేసులో అధికారి మనసులో వచ్చే మొదటి ప్రశ్న, రెండేళ్ల కోర్సు రెండేళ్లలో ఎందుకు పూర్తి కాలేదని. దానికి జవాబు మనమే ముందు ఇవ్వాలి. కాలేజీ నుంచి మూడు విషయాలున్న ఎన్‌రోల్‌మెంట్ లెటర్ తెప్పించమనండి: ఆయన ఇంకా అదే ప్రోగ్రాంలో ఉన్నాడని, సెప్టెంబరు సెమిస్టర్‌కు నమోదయ్యాడని, కోర్సు పూర్తయ్యే తేదీ ఫలానా డిసెంబరు అని. చాలా కాలేజీల మామూలు లెటర్‌లో ఈ చివరి తేదీ ఉండదు, అడిగి రాయించుకోవాలి. దానితో పాటు మార్కుల ట్రాన్‌స్క్రిప్టు, సెప్టెంబరు ఫీజు రసీదు పెట్టాలి. ఒక పేజీ వివరణ లేఖ కూడా కావాలి. ఏ రెండు సబ్జెక్టులు తప్పాయి, ఎందుకు, మళ్లీ ఎప్పుడు చదువుతున్నాడు అన్నది సూటిగా రాస్తే చాలు. ఆరోగ్యం బాగోలేదని లేని కారణం కల్పించొద్దు. రెండు సబ్జెక్టులు తప్పడం నేరం కాదు. అబద్ధపు కాగితం పెడితే మాత్రం వాళ్ల చట్టం ప్రకారం అయిదేళ్లు కెనడాలో అడుగు పెట్టలేరు. ఆ కాగితం కన్సల్టెంట్ పెట్టినా శిక్ష దరఖాస్తుదారుడికే.

డబ్బు రుజువు విషయంలోనూ అదే జాగ్రత్త. 2025 సెప్టెంబరు 1 నుంచి ఒంటరి విద్యార్థికి ట్యూషన్ ఫీజు కాక ఏడాది ఖర్చుకు 22,895 డాలర్లు అని ఐఆర్‌సీసీ కొలత పెట్టింది (క్యుబెక్‌కు లెక్క వేరు). మీ అబ్బాయికి మిగిలింది ఒక సెమిస్టరే అయినా ఆ కొలత మనసులో పెట్టుకుని కాగితాలు సర్దండి. ఆయన కెనడా ఖాతా స్టేట్‌మెంట్లు, మీ వైపు నుంచి ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు విద్యారుణం మంజూరు లేఖ ఉంటే అది. వారం రోజులకు వడ్డీకి డబ్బు తెచ్చి ఖాతాలో వేసి, స్టేట్‌మెంట్ తీశాక తిరిగి ఇచ్చేసే అలవాటు మన ఊళ్లలో ఉంది. అధికారి చూసేది ఆఖరి అంకె ఒక్కటే కాదు, గత కొన్ని నెలల లావాదేవీలన్నీ చూస్తాడు. ఒక్కసారిగా వచ్చిపడ్డ పెద్ద మొత్తానికి మూలం చూపలేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోడు.

పాస్‌పోర్టు సంగతి మీరు అనుకున్నదానికన్నా ముఖ్యమైనది. పాస్‌పోర్టు గడువును దాటి పర్మిట్ ఇవ్వరు. అక్టోబరులో ముగిసే పాస్‌పోర్టుతో వేస్తే కొత్త పర్మిట్ కూడా అక్టోబరు దాకానే వస్తుంది, డిసెంబరు పరీక్షలకు చాలదు. మళ్లీ 150 డాలర్లు, మళ్లీ ఎదురుచూపు. అందుకని ఈ వారమే భారత కాన్సులేట్ తరఫున పనిచేసే కేంద్రంలో పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇవ్వమనండి. ఇక్కడి చిరునామాకు పోలీసు విచారణ వస్తే ఇంట్లో ఎవరో ఒకరు అందుబాటులో ఉండండి, ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మిగతా కాగితాలు సిద్ధమయ్యేసరికి కొత్త పాస్‌పోర్టు వస్తే దానితో దరఖాస్తు వేయాలి. రాకపోతే దానికోసం ఆగి గడువు పోగొట్టుకోవద్దు. పాతదానితోనే వేసి, రెన్యువల్ రసీదు జతచేసి, కొత్తది రాగానే ఐఆర్‌సీసీ వెబ్ ఫారం ద్వారా పంపాలి. పర్మిట్ తక్కువ గడువుతో రావచ్చు, కానీ స్థితి పోదు.

కాలేజీ మార్పు గురించి ఎవరైనా సలహా ఇస్తే, ఇప్పుడు వద్దు. అదే కాలేజీలో, అదే స్థాయి కోర్సులో పొడిగింపు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ లేఖ, విద్యార్థులు పీఏఎల్ అనే కాగితం, ఈయనకు అక్కర్లేదు. ‘సులువుగా పాస్ చేసే’ ఇంకో కాలేజీకి మారితే 2024 నవంబరు 8 నుంచి ఉన్న నిబంధన ప్రకారం కొత్త పర్మిట్ తీసుకోవాలి, పీఏఎల్ కూడా అడుగుతారు. రెండు సబ్జెక్టుల కోసం ఆ భారం నెత్తికెత్తుకోవడం నష్టమే.

ఇక పెళ్లి. దరఖాస్తు పెండింగులో ఉండి పాత పర్మిట్ ముగిశాక ఆయన కెనడా దాటితే, చదివే హక్కు అక్కడితో ఆగిపోతుంది. మెయింటైన్డ్ స్టేటస్‌లో చదువుకునే వెసులుబాటు దేశం వదలకుండా ఉన్నవాళ్లకే. సెప్టెంబరు దాకా వీసా ఉంది కనుక తిరిగి రానివ్వొచ్చు, కానీ పర్మిట్ మంజూరయ్యేదాకా క్లాసులో కూర్చోకూడదు. సెప్టెంబరు సెమిస్టర్ పోతే డిసెంబరు మాట మరిచిపోవాలి. ఆషాఢంలో ముహూర్తం పెట్టరు కనుక పాత పర్మిట్ ఉండగానే పెళ్లి చూసి వెళ్లే వీలూ లేదు. కాబట్టి ఇప్పుడే దరఖాస్తు వేసి, కొత్త పర్మిట్ చేతికి వచ్చాకనే టికెట్ కొనండి, లేదా డబ్బు వాపసు వచ్చే టికెట్ తీసుకోండి. ఆగస్టు దాకా నిర్ణయం రాకపోతే, కష్టమైనా, వీడియోలోనే అక్షింతలు వేయమనండి. అక్కచెల్లెళ్ల పెళ్లికి రాలేని బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఇదే నా సలహా.

పర్మిట్ వచ్చి బయలుదేరితే, తిరిగి దిగే రోజుకి వీసా కూడా బతికి ఉండాలి. పర్మిట్ పొడిగించినంత మాత్రాన వీసా గడువు దానంతట అది పెరగదు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ చేతిలో ఉంచుకోవాలి. తిరిగి దిగేది సెప్టెంబరు మొదటి వారం దాటేలా ఉంటే కెనడాలో ఉండగానే 100 డాలర్ల ఫీజుతో కొత్త వీసాకు వేరే దరఖాస్తు పెట్టాలి. అది పూర్తి కావడానికి పాస్‌పోర్టు పంపించాల్సి ఉంటుంది, ఆ రోజులూ లెక్కవేసుకోండి.

ఉద్యోగం విషయం మీరు అడగలేదు కానీ చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్ బయట వారానికి 24 గంటలే. వేసవి విరామంలో, ముందూ వెనకా సెమిస్టర్లలో పూర్తికాలపు విద్యార్థిగా ఉంటే, పరిమితి లేదు. మీ అబ్బాయికి చివరి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులే ఉండటం వల్ల పార్ట్‌టైం అవుతుంది. ఆఖరి సెమిస్టర్‌ను పార్ట్‌టైంగా చదవడానికి మినహాయింపు ఉంది, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కూ అది అడ్డు కాదు. అయితే మే నుంచి ఆగస్టు దాకా విరామం కాలేజీ క్యాలెండర్‌లో ఉన్న విరామమేనని లెటర్‌లో రాయించుకోవడం మంచిది. లేకపోతే చదువు మానేశాడేమోనని అనుమానించే అవకాశం ఉంది.

దరఖాస్తు తిరస్కరిస్తే ఆ రోజుతోనే మెయింటైన్డ్ స్టేటస్ అయిపోతుంది, మర్నాడు క్లాసుకీ పనికీ వెళ్లకూడదు. అక్కడి నుంచి 90 రోజుల్లో రెస్టోరేషన్ కింద, అంటే పోయిన స్థితిని తిరిగి ఇవ్వమని, వేసుకోవచ్చు. ఒకవేళ గడువే దాటిపోయి ఉంటే ఆ 90 రోజులు జూలై 31 నుంచి లెక్క, అంటే అక్టోబరు 29. రెస్టోరేషన్‌కు పర్మిట్ ఫీజు 150 కాక, విడిగా 200 డాలర్లకు పైనే అవుతుంది. నిర్ణయం వచ్చేదాకా చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. మెయింటైన్డ్ స్టేటస్‌లో ఉన్నప్పుడు మొదటిదానికి తోడుగా ఇంకో దరఖాస్తు వేసి ధైర్యంగా ఉందామనుకోవద్దు, మొదటిది పోతే రెండోది కాపాడదు.

పంపగానే వచ్చే రసీదును, ఫీజు చెల్లింపు పత్రాన్ని పీడీఎఫ్‌గా ఫోనులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి. పని ఇచ్చేవాళ్లు, ఇంటి యజమాని అడిగితే చూపించడానికి ఆగస్టులో ఆయన దగ్గర ఉండే ఆధారం అదే. కొత్త పర్మిట్ రాగానే, అక్కడ ఉద్యోగం చేయడానికి కావలసిన, 9తో మొదలయ్యే సిన్ నంబరు గడువును కూడా సర్వీస్ కెనడా అనే ప్రభుత్వ కార్యాలయంలో మార్పించుకోవాలి. కాలేజీ లెటర్‌కు ఈ సోమవారమే అడగమనండి, మిగతా కాగితాలన్నీ దాని తర్వాతే.