ఫెరూలిక్ సీరం కలిపేటప్పుడు

చిరంజీవి లలితకు, ఆశీస్సులు.

విటమిన్ సి సీరం తిరుపతి ఎండలకు ఇట్టే రంగు మారిపోతోందని రాశావు. దాంట్లో ఫెరూలిక్ ఆమ్లం పడాలి పాపా. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరూలిక్ చేరిస్తే అది నిలకడగా ఉంటుందనీ, ఎండ నుంచి చర్మానికి రక్షణ దాదాపు రెట్టింపవుతుందనీ 2005లో ఒక పరిశోధన తేల్చింది. తవుడులో ఉంటుంది కదా అని తవుడు పట్టించి లాభం లేదు, అక్కడ అది కణాల గోడలకు అతుక్కుని ఉంటుంది. పొడి కొనుక్కో.

30 గ్రాముల సీరానికి ఫెరూలిక్ 0.15 గ్రాములే. వంటింటి కాటాకు అంత చిన్న తూకం అందదు, 0.01 గ్రాము చూపేది కావాలి. చిక్కంతా దీన్ని కరిగించడంలోనే. చన్నీళ్లలో వేస్తే ఇసకలా అడుగున కూర్చుంటుంది. దాన్ని కరిగించే ద్రవం ఎథాక్సీడైగ్లైకాల్ 6 గ్రాములు తీసుకుని అందులో వేసి, గాజు గ్లాసును వేడినీళ్ల గిన్నెలో పెట్టి, పలుకు కనపడనంత వరకు తిప్పు. చల్లారాక ఆల్ఫా టోకోఫెరాల్ (అదే విటమిన్ ఇ) 0.3 గ్రాములు, నూనెను నీళ్లలో కలిపే ‘పాలీసార్బేట్ 80’ 0.6 గ్రాములు, పాడవకుండా ఉంచే ఫినాక్సీఇథనాల్ 0.3 గ్రాములు కలుపు. మందుల షాపు విటమిన్ ఇ గొట్టాలు పిండొద్దు, వాటిలో ఎక్కువగా ఉండేది అసిటేట్ అనే వేరే రూపం, ఈ పనికి రాదు.

వేరే గ్లాసులో 18.15 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో 4.5 గ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం (అదే విటమిన్ సి) కరిగించు. దీన్ని వేడి చేయకు. బోరు నీళ్లు, రాగి చెంబు, ఇనుప గరిటె దగ్గరికి రానీకు: లోహం తగిలితే సి త్వరగా పాడవుతుంది. మొదటి గ్లాసులోది ఇందులోకి సన్నటి ధారగా పోస్తూ కలుపు. పీహెచ్ (ఆమ్లత్వం కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3 దగ్గర ఉండాలి, 3.5 దాటితే సి చర్మంలోకి దిగదు. మరీ తక్కువుంటే వంటసోడా నీళ్లు చుక్క చుక్కగా వెయ్యి, కాస్త పొంగుతుంది, కంగారు పడకు.

ముదురు గోధుమరంగు సీసాలో పోసి ఫ్రిజ్ తలుపులో పెట్టు. అడుగున పలుకులు కనపడితే గది వేడికి తెచ్చి ఊపు. లేత పసుపు సహజమే, నారింజ రంగొస్తే పారబొయ్యి. ఎంత బాగున్నా నెలకు మించి ఉంచకు.

ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడు. తర్వాత పొద్దున ఆరిన ముఖానికి నాలుగు చుక్కలు, దానిమీద సన్‌స్క్రీన్ తప్పదు. కొండమీద గుండు చేయించుకొచ్చిన తలకు మాత్రం కొన్నాళ్లు పూయొద్దు, కత్తి గాట్లకు భగ్గుమంటుంది.

మీ పెద్దమ్మ