అక్వేరియం కోరల్స్: మందుకన్నా ముందు నీరు చూడండి

ప్రశ్న: మాకు సింగరాయకొండ దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో 250 లీటర్ల సముద్రపు అక్వేరియంలో హ్యామర్, లెదర్, జోవాంథస్ రకాల కోరల్స్ (పగడాలు) పెంచుతున్నాను. నవంబరు వానల్లో పాకల తీరం నుంచి 60 లీటర్ల నీరు తెచ్చి మార్చాను. వారం తిరిగేసరికి హ్యామర్ ఒకపక్క తెల్లబడి గోధుమరంగు జిగురు కారుతోంది. బ్లీచింగ్ అనుకుంటున్నాను. డీలరు చెప్పారని సిప్రోఫ్లాక్సాసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండు చొప్పున 4 రోజులు నీళ్లలో వేశాను. ఇప్పుడు మిగతావీ ముడుచుకుంటున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఇది బ్లీచింగ్ కాదు. బ్లీచింగ్‌లో కోరల్ తన కండలోని నాచును పోగొట్టుకుని రంగు తప్పుతుంది, కండ మాత్రం ఉంటుంది. మీ హ్యామర్‌కు కండే ఊడి సున్నపు గూడు బయటపడింది. ఆ జిగురును బ్రౌన్ జెల్లీ అంటారు. నీరసించిన కోరల్ మీద సూక్ష్మజీవులు పడి కండను తినేస్తాయి. నీరసం ఎందుకొచ్చిందన్నదే అసలు ప్రశ్న.

వానాకాలంలో వాగులూ కాలువలూ వచ్చి కలిసే తీరంలో నీరు పలచబడుతుంది. ఆ రోజు అది 20 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు పాళ్లు) ఉందనుకోండి, 35లో ఉన్న మీ ట్యాంకు ఒక్కపూటలో 31 చిల్లరకు పడిపోయినట్టే. చెరువులోకి నీరు తోడే ముందు మీరు సాలినిటీ (ఉప్పదనం) చూడకుండా ఉంటారా? ఇంట్లో ట్యాంకుకు ఎందుకు చూడలేదు?

మాత్రలు ఈరోజే ఆపండి. యాంటీబయోటిక్ ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. మిగతా కోరల్స్ ముడుచుకోవడానికి అదే కారణమై ఉండొచ్చని నా అనుమానం. అమ్మోనియా వెంటనే పరీక్షించండి, సున్నా ఉండాలి. ఫిల్టర్‌లో 100 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. రోజుకు 25 లీటర్ల చొప్పున 4 రోజులు నీరు మార్చండి. ఆర్వో నీటిలో రీఫ్ సాల్ట్ (కోరల్ ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) కలిపిన నీరే వాడాలి. ఉప్పు కొటార్ల కల్లుప్పు పనికిరాదు, ఉప్పు తేలాక మిగిలే చేదు నీటిలోనే మెగ్నీషియం ఉండిపోతుంది.

హ్యామర్ సంగతి. పంపు ఆపి, సన్న గొట్టంతో జిగురును చెదరకుండా బయటికి లాగేయండి. చచ్చిన కొమ్మలను గూడు దగ్గర కత్తిరించి తీసేయండి. బకెట్‌లో ట్యాంకు నీరే తీసుకుని, లీటరుకు 5 శాతం లూగాల్ అయోడిన్ 10 చుక్కలు కలిపి 10 నిమిషాలు ముంచండి. తర్వాత వేరేగా తీసిన ట్యాంకు నీటితో కడిగి విడిగా తొట్టిలో గాలి, వెచ్చదనం ఇచ్చి ఉంచండి. మూడోరోజు ఇంకోసారి ముంచండి. ముంచిన నీరు తిరిగి ట్యాంకులో పోయకూడదు. జోవాంథస్ ముట్టుకునేటప్పుడు గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నిటికి ప్రాణాంతకమైన విషం ఉంటుంది. ఆ రాళ్లను మరిగించడం, బ్రష్‌తో రుద్దడం అస్సలు వద్దు.

సాలినిటీ 35 పీపీటీ ఉండాలి, రోజుకు 1 పీపీటీకి మించి పెంచకండి. మీ చెరువు రిఫ్రాక్టోమీటరునే (ఉప్పదనం కొలిచే పరికరం) వాడొచ్చు గానీ ముందు 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోండి. ఉష్ణోగ్రత 25–27 డిగ్రీలు. ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) 145–160 పీపీఎం (పది లక్షల పాళ్లలో పాళ్లు). తక్కువగా ఉంటే వంటసోడా 7.5 గ్రాములు ఆర్వో నీటిలో కరిగించి పంపు దగ్గర మెల్లగా పోయండి. 250 లీటర్లకు అది 18 పీపీఎం పెంచుతుంది. రోజుకు అంతే, ఎక్కువ వద్దు. కాల్షియం 400–450 పీపీఎం, నైట్రేట్ 5–10 మధ్య ఉంటే చాలు. నెల రోజులపాటు రెండు రోజులకోసారి చూసి నోటుబుక్కులో రాసుకోండి.

డీలరుకు మాత్రలు చెప్పే అర్హత ఎక్కడిది? అమెరికాలో ఫ్లోరిడా తీరపు పగడాలకు 2014లో మొదలైన తెగులుకు నిపుణులు అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ వాడారు. వాళ్లు పేస్టులో కలిపి పుండు మీద మాత్రమే పూశారు, నీళ్లలో పోయలేదు. రొయ్యల్లో యాంటీబయోటిక్ ఆనవాలు దొరికితే ఎగుమతి కంటైనర్ మొత్తం తిరిగొస్తుందని మీకు నేను చెప్పాలా?

ఇంకో మాట. హ్యామర్ లాంటి గట్టి కోరల్స్ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మీ డీలరు కాగితాలు ఇచ్చారా? ఇవ్వకపోతే గట్టి కోరల్స్ ఇకమీదట కొనకండి. జరిగిందంతా అటవీశాఖ అధికారికి చెప్పి సలహా తీసుకోండి.

మాత్రలు వేసిన ట్యాంకు నీరు చెరువుల వైపు పోయే కాలువలో పారబోయకండి. డ్రమ్ములో పట్టి కార్బన్ వేసి 2 రోజులు ఉంచాకే, చెరువులకు దూరంగా బయట పోయండి.